కుక్కకు బూట్లు: ఏ నేల మీద, ఎంతసేపు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కుక్కల కాళ్ల గురించినవే. గుట్టలెక్కే కుక్క, ఇళ్లు కడుతున్న లేఅవుట్లో తిరిగే కుక్క, మద్రాసు ఎండలో నడిచే కుక్క, ఇలా ఏ కుక్క యజమాని రాసినా, తిప్పి తిప్పి అడిగింది బూట్ల సంగతే. బెంగుళూరులో నా దగ్గరకు వచ్చే కేసులలో కూడా సరిగ్గా అమరని బూట్ల వల్ల వచ్చిన పుండ్లు కొన్ని కనిపిస్తున్నాయి కనుక, మిగిలిన ప్రశ్నలను పై సంచికకు ఉంచి, ఈసారి ఈ ఒక్క విషయానికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాది అనంతపురం. పదేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాము. మా ఇంట్లో మూడేళ్ల ముధోల్ జాతి కుక్క ఉంది. ఆదివారాలలో రామనగర దాటిన తరువాత ఉన్న ఒక బంధువుల మామిడితోటకు వెళ్తాము. తోట వెనుక బోడిగుట్ట ఉంది, అక్కడ దాన్ని వదిలితే ఇక పట్టపగ్గాలుండవు. పోయిన నెల గుట్ట దిగి వచ్చాక చూస్తే, ముందుకాలి అరికాలి తోలు రూపాయి బిళ్లంత మేర లేచిపోయి ఉంది. ఆన్‌లైన్‌లో బరువును బట్టి సైజు చూసి బూట్లు తెప్పించాను. తొడిగిన పది నిమిషాలకే అవి పక్కకు తిరిగిపోతున్నాయి. ఒకటి ఊడి ఎక్కడో పడిపోయింది. ఇటువంటి కుక్కకు బూట్లు పనికివస్తాయా? (ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగుళూరు)

జవాబు: పనికివస్తాయమ్మా. అయితే మీరు తెప్పించినవి కావు, మీరు కొలిచిన పద్ధతిలోనూ కాదు. ముందుగా పుండు మాట చెబుతాను. లేచిపోయిన చోట కొత్త తోలు వచ్చి గట్టిపడడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఆ చోటు లేత గులాబీ రంగులో, తాకితే కుక్క కాలు వెనక్కి తీసుకునేలా ఉన్నంతకాలం గుట్ట వద్దు, తారు రోడ్డు మీద పరుగూ వద్దు. మానకముందే బూటు తొడిగి తీసుకువెళితే, లోపలి చెమ్మకు పుండు నాని ఇంకా పెద్దదవుతుంది.

ఆ గుట్ట మీద అలా ఎందుకు జరిగిందో తెలిస్తే బూటు ఎంపిక సులువవుతుంది. రామనగర, సావనదుర్గ ప్రాంతపు గుట్టలు భూగర్భ శాస్త్రజ్ఞులు క్లోజ్‌పేట గ్రానైటు అని పిలిచే రాతితో ఏర్పడ్డాయి. రామనగరకు ఒకప్పుడు క్లోజ్‌పేట అనే పేరుండేది, రాతికి ఆ పేరే నిలిచిపోయింది. ఈ రాతిలో గింజలు ముతకగా ఉంటాయి. ఎండకూ వానకూ మిగతా భాగం అరిగిపోయినా, గట్టిదైన పలుగురాతి గింజలు మాత్రం పైకి తేలి నిలుస్తాయి. ఈసారి వెళ్లినప్పుడు మీ అరచేతిని బండకు ఆనించి కొంచెం బరువు వేసి ఒక జానెడు లాగి చూడండి, వడ్రంగి వాడే గరుకు కాగితం గుర్తుకు వస్తుంది. కుక్క శరీర బరువులో సుమారు అరవై శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది. వాలు దిగుతున్నప్పుడు, పరుగులో ఒక్కసారిగా ఆగినప్పుడు, మలుపు తిరిగినప్పుడు ఆ బరువంతా ముందరి పాదాల మెత్తల మీద పడి, బండ మీద రాసుకుపోతుంది. అందుకే తోలు లేచిపోయేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. అదీ ముందుకాళ్లకే ఎక్కువ.

ఇక కొలత. బరువును బట్టి బూటు ఎంచుకోవడమే అన్నింటికన్నా పెద్ద పొరపాటు. పాతిక కిలోల లాబ్రడార్ పాదం గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది. అంతే బరువున్న ముధోల్ పాదం సన్నగా, పొడవుగా, వేళ్లు ముందుకు సాగి ఉంటుంది. లాబ్రడార్‌కు సరిపోయే బూటులో ముధోల్ పాదానికి రెండు పక్కలా ఖాళీ మిగిలిపోతుంది కనుక నాలుగు గెంతులు వేసేసరికి బూటు గిర్రున తిరిగి, అడుగు అట్ట పైకి వస్తుంది. మీకు జరిగింది సరిగ్గా ఇదే. కొలవడానికి ఒక తెల్ల కాగితాన్ని గట్టి నేల మీద పరిచి, కుక్కను దాని మీద నిలబెట్టి, రెండో ముందుకాలిని ఎవరి చేతనైనా కొద్దిగా పైకి ఎత్తించండి. అప్పుడు కాగితం మీదున్న పాదానికి పూర్తి బరువు పడి, వేళ్లు విచ్చుకుంటాయి. పెన్సిలును నిటారుగా పట్టుకుని పాదం అన్నింటికన్నా వెడల్పుగా ఉన్న చోట రెండు వైపులా గీత గీసి, ఆ గీతల మధ్య దూరాన్ని స్కేలుతో కొలవండి. కూర్చున్న కుక్క పాదాన్ని చేతిలోకి తీసుకుని టేపు చుడితే వచ్చే కొలత ఇంతకన్నా తక్కువే వస్తుంది, దాన్ని నమ్మవద్దు. వెనుక పాదాలను విడిగా కొలవాలి. చాలా కుక్కలలో అవి ముందరి వాటికన్నా చిన్నవి కనుక రెండు వేర్వేరు సైజులు కొనవలసి రావచ్చు. నాలుగూ ఒకే సైజులో వచ్చే ప్యాకెట్టు చవకగా దొరుకుతున్నా, వెనుక రెండు బూట్లు మొదటి వారంలోనే పోతే ఆ చవకకు అర్థం లేదు.

కొలిచే ముందే గోళ్లు కత్తిరించండి. పొడవైన గోరు బూటు కొనకు తగిలి, దిగేటప్పుడు ప్రతి అడుగుకూ వేలిని వెనక్కి నెడుతుంది. కొన్నాళ్లకు గోరు మొదట్లో వాపు వస్తుంది, బూటు కొనకు చిల్లు పడుతుంది.

బండరాళ్ల మీద తిరగడానికి రబ్బరు అట్ట ఉన్న గుడ్డ బూట్లే కావాలి. కానీ ఆ అట్ట మనం నడిచే బూటు అట్టలా మందంగా, బిగుసుకుని ఉండకూడదు. దుకాణంలోనే బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి అట్టను మడిచి చూడండి. సునాయాసంగా మడతపడి, వదిలిన వెంటనే తిరిగి సాగితే మంచిది. మడవడానికి చేతిబలం వాడవలసి వస్తే ఆ బూటులో కుక్క తన వేళ్లను విప్పి రాతిని పట్టుకోలేదు, బల్లచెక్క మీద నిలబడినట్టు జారుతుంది. పైభాగం గాలి ఆడే గుడ్డతో ఉండాలి. అట్ట కొన వేళ్ల ముందు భాగం మీదికి కాస్త ఎక్కి ఉంటే ఇంకా మేలు, ఎందుకంటే రాయి తగిలేది ముందుగా అక్కడే.

పట్టీ విషయంలో నేను చూసిన ఒక సంగతి చెబుతాను. యెలహంక వైపు నుంచి ఒక లాబ్రడార్‌ను కుంటుతోందని తీసుకువచ్చారు. ముందురోజు ఉదయం షికారుకు బూట్లు తొడిగారు. ఇంటికి వచ్చాక ముందువి రెండు తీయడం మరచిపోయారు. రాత్రంతా అలాగే ఉండిపోయాయి. బూటు విప్పేసరికి వేళ్ల మధ్య వెంట్రుకలు తడిసి ముద్దగా అంటుకుని ఉన్నాయి, పాదం ఉబ్బి ఉంది. కాలి లోపలివైపు కాస్త ఎత్తులో, నేలకు తగలకుండా ఉండే ఐదో గోరు కింద వెల్క్రో పట్టీ కోసిన గీత ఎర్రగా, తడిగా కనిపించింది. ఆ గోరు ఉన్న కుక్కలకు పట్టీ దాని మీద పడకుండా, పాదం పైన సన్నబడే చోట మాత్రమే బిగించాలి. పట్టీ కింద మీ చిటికెన వేలు దూరేంత సందు ఉండాలి. అంతకన్నా వదులైతే ఊడిపోతుంది, అంతకన్నా బిగువైతే వాపు వస్తుంది. ఆ చోట రాపిడి ఎక్కువగా ఉంటే చిన్నపిల్లల నూలు మేజోడు లోపల తొడగవచ్చు. గుట్ట ఎక్కడం మొదలుపెట్టిన పదిహేను నిమిషాలకు ఒకసారి ఆగి, బూటు విప్పి, లోపలికి గరుసు, గడ్డి చేరిందేమో చూసి దులిపి మళ్లీ తొడగండి. ఆ తరువాత గంటకొకసారి చూస్తే చాలు. ఇంటికి రాగానే తీసేయాలి.

ఒకటి మాత్రం ముందే తెలిసి ఉండాలి. ముందుకాలి మణికట్టు వెనుక ఒక చిన్న మెత్త విడిగా ఉంటుంది. నిటారు వాలులో జారుతున్నప్పుడు కుక్క దాన్ని కూడా నేలకు ఆనించి ఆపుకుంటుంది. మామూలు బూట్లు దాన్ని కప్పవు. కనుక బూట్లు ఉన్నాయి కదా అని బోడిబండ మీద పూర్తిగా వదిలేయకండి, దిగేటప్పుడు తాడు కట్టి మీ పక్కనే నడిపించండి.

ప్రశ్న: తిరువాన్మియూరులో ఉంటున్నాము. ఏప్రిల్, మే నెలల్లో మా గోల్డెన్ రిట్రీవర్‌ను సాయంత్రం నాలుగున్నరకు సముద్రం ఒడ్డుకు తీసుకువెళ్లాలంటే రోడ్డు కాలిపోతూ ఉంటుంది. బూట్లు వేస్తే సరిపోతుందా? (ఒక పాఠకుడు, చెన్నై)

జవాబు: సరిపోదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అటువంటి ఎండలో బూట్లు అరికాళ్లను కాపాడగలవేమో కానీ కుక్కను కాపాడలేవు. గాలిలో 30 డిగ్రీలు ఉన్న రోజున కూడా నేరుగా ఎండ పడే తారు 50 డిగ్రీలు దాటిపోగలదు. మీ అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కను నడిపించకూడదు. అయితే కుక్క పొట్ట రోడ్డుకు అడుగున్నర, రెండడుగుల ఎత్తులోనే ఉంటుంది, తారు వదిలే సెగంతా దానికే తగులుతుంది. కుక్కలకు చెమట గ్రంథులు ప్రధానంగా అరికాళ్లలోనే ఉన్నాయి, అవి శరీరాన్ని చల్లబరిచేది చాలా కొద్ది. అసలు పని నాలుక చాపి రొప్పడం వల్లే జరుగుతుంది. చెన్నైలో గాలిలో చెమ్మ ఎక్కువ కనుక ఆ రొప్పడమూ సరిగ్గా పని చేయదు. దట్టమైన బొచ్చున్న రిట్రీవర్‌కు ఇది మరీ కష్టం. ఉదయం ఆరులోపు, లేదా సూర్యాస్తమయం దాటి రోడ్డు చల్లబడ్డాక తీసుకువెళ్లండి. విపరీతంగా రొప్పుతూ, చిగుళ్లు ఎర్రబడి, తూలుతూ ఉంటే వెంటనే నీడకు చేర్చి, మామూలు కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చల్లారేదాకా ఇంట్లో ఉంచి చూద్దామనుకోవద్దు.

తప్పనిసరిగా ఎండవేళ ఆసుపత్రికో, కారు దాకానో నడిపించవలసి వస్తే ఆ నాలుగడుగులకు బూట్లు మంచివే. ఇసుకలోకి మాత్రం బూట్లతో దించకండి. పట్టీ సందులోంచి దూరిన ఇసుక చెమ్మతో కలిసి వేళ్ల మధ్య రాపిడి పెడుతుంది. చల్లని ఇసుక మీద వట్టి కాళ్లే మేలు, ఇంటికి వచ్చాక మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందులు తుడిచి ఆరబెట్టండి.

ప్రశ్న: కె.ఆర్.పురం దాటిన కొత్త లేఅవుట్లో ఉంటున్నాము. చుట్టూ ఇళ్లు కడుతున్నారు. టైల్సు ముక్కలు, మేకులు, కడ్డీల కొసలు, సీసా పెంకులు అంతటా ఉంటాయి. మేము వీధిలో నుంచి తెచ్చి పెంచుకున్న నాటుకుక్క ఉంది, దానికి పరుగంటే ప్రాణం. నాటుకుక్క కాళ్లు రాళ్లలాంటివి, బూట్లు డబ్బు దండగ అని మా మామగారు అంటున్నారు. ఆయన మాట నిజమేనా? (ఒక పాఠకురాలు, బెంగుళూరు)

జవాబు: మీ మామగారి మాటలో నిజం ఉంది. గరుకు నేల మీద రోజూ కొద్దికొద్దిగా నడిచే కుక్క అరికాళ్లు నిజంగానే గట్టిపడతాయి. ఎప్పుడూ ఇంటి టైల్సు మీదే ఉండి, ఆదివారం ఒక్కసారే కొండెక్కే కుక్కకన్నా మీ కుక్క పాదం బలమైనది. బూట్లు కొనే ముందు ఎవరైనా చేయవలసిన మొదటి పని కూడా అదే, అంటే మట్టి దారి, గరుకు సిమెంటు, చిన్న రాళ్లు అనే వరుసలో కొన్ని వారాలపాటు నడక పెంచుకుంటూ పోవడం. రోజూ బూట్లలోనే నడిపిస్తే అరికాలు మెత్తబడిపోతుంది. ఈదిన తరువాత, వానలో చాలాసేపు తడిసిన తరువాత కూడా మెత్తలు నాని ఉంటాయి కనుక అప్పుడు రాళ్ల మీద పరుగెత్తనివ్వకూడదు.

కానీ గట్టి తోలు రాపిడిని తట్టుకుంటుంది, పెంకును తట్టుకోలేదు. మెత్త కింద కొవ్వుతో కూడిన కణజాలం, దాని నిండా రక్తనాళాలు ఉంటాయి కనుక చిన్న పెంకు దిగినా రక్తం ధారగా కారుతుంది. నిటారుగా నిలబడి ఉన్న మేకు మనిషి బరువు పడితే మన చెప్పు అట్టనే దాటి వస్తుంది, కుక్క బూటు పలచని అట్ట దాన్ని ఆపదు. సీసా పెంకు, టైలు అంచు, పల్లేరు కాయ, తుమ్మముల్లు వంటివాటిని చాలావరకు ఆపుతుంది.

2001 సెప్టెంబరులో న్యూయార్కులో కూలిన జంట భవనాల శిథిలాలలో వెతికిన కుక్కలలో చాలా వాటికి బూట్లు వేయలేదు. బూట్లు దొరకక కాదు. ఎగుడుదిగుడు శిథిలాలు, ఇనుప దూలాల మీద నడవాలంటే కుక్క వేళ్లను విప్పి పట్టుకోవాలి, బూటు వేస్తే కాలు జారి పడిపోయే ప్రమాదం ఎక్కువని వాటిని నడిపించినవారు ఎంచారు. పాదాలకు కోతలు పడ్డాయి, వాటికి వైద్యం చేశారు. నేను ఈ సంగతి చెప్పేది మీ కుక్కను కట్టడాల మధ్య వట్టి కాళ్లతో వదలమని కాదు. కుక్క ఎక్కి దూకే చోట బూటు ఒక ప్రమాదాన్ని తగ్గించి ఇంకొకదాన్ని పెంచగలదని చెప్పడానికే. మీ లేఅవుట్లో చదునుగా ఉన్న రోడ్డు వెంట, తాడు పట్టుకుని నడిపించే దారిలో బూట్లు వేయండి. కడుతున్న ఇళ్లలోకి, ఇటుకల గుట్టల మీదికి బూట్లతోనైనా, వట్టి కాళ్లతోనైనా అసలు వెళ్లనివ్వకండి. పరుగుకు శుభ్రమైన మైదానం వెతకడం మీరు దానికి చేయగల పెద్ద మేలు.

ప్రశ్న: బూట్లు వేస్తే మా కుక్క కొంగలా కాళ్లెత్తి వేస్తుంది, లేదంటే నిలబడిపోతుంది. అందరూ నవ్వుతున్నారు. ఇది మామూలేనా? (ఒక పాఠకుడు, జయనగర, బెంగుళూరు)

జవాబు: మామూలే, కానీ నవ్వే విషయం కాదు. కుక్క తన అరికాలి స్పర్శతోనే నేలను తెలుసుకుంటుంది, ఒక్కసారిగా ఆ స్పర్శ పోయేసరికి కాలు ఎక్కడుందో దానికి తెలియదు. వారం రోజులు సమయం ఇవ్వండి. మొదటి రోజు బూటును వాసన చూడనిచ్చి, ఒక్కొక్క పాదాన్ని చేతిలోకి తీసుకుని వదిలి, ప్రతిసారీ ఇష్టమైన తిండి పెట్టండి. తరువాత రెండు ముందుకాళ్లకు మాత్రమే, ఒక్క నిమిషం, ఇంట్లోనే తొడగండి. వెంటనే బంతి విసిరితే, లేదా భోజనం పెడితే కాళ్ల మీద నుంచి మనసు మళ్లుతుంది. నాలుగు కాళ్లకూ పది నిమిషాలు ఇంట్లో తేలికగా తిరిగిన తరువాతే గుమ్మం దాటించండి. వారం దాటినా ఒకే కాలిని ఎత్తి పెట్టుకుంటోందంటే అది అలవాటు లేకపోవడం కాదు, ఆ బూటులో ఏదో నొప్పిస్తోందని అర్థం. బూట్లతో కుక్కను ఒంటరిగా ఎప్పుడూ వదలకండి. రబ్బరు ముక్కను కొరికి మింగితే పేగులో అడ్డుపడుతుంది.

ప్రశ్న: వానాకాలంలో నీళ్లు నిలిచిన వీధిలో నడిచి వచ్చాక మా కుక్క అరికాలు కోసుకుపోయి కనిపించింది. మా అమ్మ పసుపు, కాఫీ పొడి అద్దింది. ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, వడపళని, చెన్నై)

జవాబు: అమ్మగారి ఆదుర్దా అర్థమవుతుంది, కానీ పొడులు పుండులో ఇరుక్కుని కడగడాన్ని కష్టం చేస్తాయి. శుభ్రమైన గుడ్డతో ఐదు నుంచి పది నిమిషాలు ఎత్తి చూడకుండా అదిమి పట్టండి. రక్తం ఆగాక సెలైనుతో, లేకపోతే మంచి తాగునీటితో ధారగా కడిగి, పెంకు ఏదైనా మిగిలిందేమో వెలుతురులో చూడండి. పోవిడోన్ అయోడిన్‌ను పలచటి టీ రంగు వచ్చేలా నీళ్లలో కలిపి వాడవచ్చు. డెట్టాలు పోయవద్దు. వేళ్ల మధ్య కొద్దిగా దూది పెట్టి, గుడ్డ వదులుగా చుట్టి, బయటికి వెళ్లేటప్పుడు మాత్రమే పైన ప్లాస్టిక్ కవరు కట్టి, లోపలికి రాగానే విప్పేయండి. కోత అంచులు విచ్చుకుని ఉన్నా, రక్తం ఆగకపోయినా అదే రోజు వెటర్నరీ డాక్టరుకు చూపించాలి. మనం వేసుకునే నొప్పి మాత్రలు ఇవ్వకండి. ఇబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు పెట్టి, మూత్రపిండాలను పాడుచేస్తుంది.

నిలిచిన వాన నీటిలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది. అందులోని లెప్టోస్పైరా సూక్ష్మజీవులు తెగిన చర్మం గుండా శరీరంలోకి పోతాయి. ఆ జబ్బు కుక్కకూ వస్తుంది, దాని నుంచి మనుషులకూ సోకుతుంది. ఏటా వేయించే టీకాలలో దీనికి టీకా ఉందో లేదో మీ కార్డులో చూసుకోండి. రానున్న రెండు వారాలలో జ్వరం, వాంతులు, తిండి మానడం, కళ్లు పచ్చబడడం కనిపిస్తే ఈ కోత సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. మోకాలి లోతు నీళ్లలో బూటు ఏమీ చేయలేదు, లోపల నీళ్లు నిండి ఇంకా బరువెక్కుతుంది. పలచని నీళ్లు, బురద ఉన్న దారికి బెలూనులా సాగే రబ్బరు తొడుగులు వాడవచ్చు, అరగంటకు మించి ఉంచకుండా.

ప్రశ్న: ఒక జత పోతే మొత్తం నాలుగూ మళ్లీ కొనాలా? ఎలా ఉతకాలి? (ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్, బెంగుళూరు)

జవాబు: విడిగా అమ్మే దుకాణం చూసుకుని, మొదటే ముందుకాళ్లకు రెండు ఎక్కువ కొనండి, అవే ముందుగా అరుగుతాయి, అవే ముందుగా పోతాయి. అలాస్కాలో ఆంకరేజి నుంచి నోమ్ వరకు 1973 నుంచి జరుగుతున్న ఇడిటరాడ్ స్లెడ్జి కుక్కల పందెంలో ప్రతి కుక్కకూ ఎనిమిది తొడుగులు వెంట ఉండాలన్నది నిబంధన. అక్కడి తొడుగులకు అట్ట ఉండదు, పలచని గుడ్డే. వేళ్ల సందుల్లో మంచు గడ్డకట్టకుండా, గరుకు మంచు కోయకుండా ఉండడానికి అంతే చాలు. మన గుట్టల మీద ఆ గుడ్డ ఒక్క పూట నిలవదు. మన రబ్బరు అట్ట బూటు ఆ మంచులో బరువు. ఉతకడానికి ముందు వెల్క్రోలో ఇరుక్కున్న వెంట్రుకలను పాత దువ్వెనతో లాగేయండి, లేకపోతే పట్టీ పట్టు తప్పుతుంది. సబ్బు నీళ్లతో లోపలా బయటా తోమి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించి, నీడలో బోర్లించి ఆరబెట్టండి. తొడిగే ముందు లోపలికి వేలు పెట్టి పొడిగా ఉందని చూసుకోండి. తడిగా తగిలితే ఆ రోజుకు ఎక్కువ కొన్న జతను వాడండి.